గురుడి, శని ఉపగ్రహాలకు ఏది మేలు: 8 అంగుళాల డాబ్సోనియనా, 5 అంగుళాల మాక్సుతోవా?

కంటితో చూడటమే ముఖ్యమైతే 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తోసి తిప్పే అద్దాల టెలిస్కోపు) కొనండి. ఫొటోలే ముఖ్యమైతే మోటారు స్టాండు మీద 5 అంగుళాల మాక్సుతోవ్ (ముందు గాజు ఉండే పొట్టి టెలిస్కోపు) కొనండి. రెండూ ఒకే పరికరంతో కావాలనుకునేవాళ్లకే ఈ లెక్కలన్నీ.

డాబ్సోనియన్ అద్దం 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (బొమ్మ సైజును నిర్ణయించే దూరం) 1200 మి.మీ. మాక్సుతోవ్‌కు అవి 127 మి.మీ., 1500 మి.మీ. వెలుతురులో తేడా రెండున్నర రెట్లు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఏ టెలిస్కోపులోనైనా నక్షత్రం చుక్కలా కాకుండా చిన్న బిళ్లలా కనిపిస్తుంది. 127 మి.మీ.లో ఆ బిళ్ల వెడల్పు దాదాపు 2.2 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), 203 మి.మీ.లో 1.4. గురుడు మనకు దగ్గరగా ఉన్నప్పుడు అతని అతిపెద్ద ఉపగ్రహం గానిమీడ్ వెడల్పు 1.7 ఆర్క్‌సెకన్లు. అందుకే గాలి నిలకడగా ఉన్న రాత్రి డాబ్సోనియన్‌లో 200 రెట్లు పెట్టి చూస్తే గానిమీడ్ నక్షత్రంలా కాక గుండ్రంగా, మరో ఉపగ్రహం అయో కంటే పెద్దగా తెలుస్తుంది. మాక్సుతోవ్‌లో ఆ తేడా పట్టుకోవడం కష్టం. గురుడి మీద పడే ఉపగ్రహాల నీడలు మాత్రం రెండింటిలోనూ నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

శని దగ్గర డాబ్సోనియన్‌కు సాటి లేదు. టైటాన్ (మాగ్నిట్యూడ్ 8.4; ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి తక్కువ), రియా (9.7) రెండింటిలోనూ సులువే. మాగ్నిట్యూడ్ 10 దాటిన టెథిస్, డయోనీల దగ్గర మాక్సుతోవ్‌కు ఊరి దీపాలు అడ్డొస్తాయి. 11.7 ఉన్న ఎన్సెలడస్ కావాలంటే డాబ్సోనియనే. అప్పుడు కూడా శనిని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) అంచు అవతలికి నెట్టి, ఆ కాంతి కంట్లో పడకుండా చూడాలి. 2025 మార్చిలో శని వలయాలు అంచు మాత్రమే కనిపించేలా సన్నబడ్డాయి. ఆ తర్వాత మళ్లీ విచ్చుకుంటూ వస్తున్నాయి కాబట్టి వాటి కాంతి వల్ల ఇలాంటి చిన్న ఉపగ్రహాలు క్రమంగా కష్టమవుతాయి.

ఇక ఫొటోలు. మోటారు లేని టెలిస్కోపులో ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరిగిపోతుంది. 3.75 మైక్రాన్ల పిక్సెళ్లు, దాదాపు 4.9 మి.మీ. వెడల్పు సెన్సరు ఉన్న ప్లానెటరీ కెమెరాను డాబ్సోనియన్‌కు బిగిస్తే ఫ్రేములో 14 ఆర్క్‌నిమిషాల (ఒక ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) ఆకాశం పడుతుంది. గురుడు దాన్ని 56 సెకన్లలో దాటేస్తాడు. 3 రెట్ల బార్లో (బొమ్మను పెద్దది చేసే లెన్సు) పెడితే 19 సెకన్లే. గురుడికి ఇది సరిపోతుంది: తోస్తూ చిన్న చిన్న వీడియోలు తీసి, పీఐపీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రహాన్ని ఫ్రేము మధ్యకు చేర్చి, ఆటోస్టాకర్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములను ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. శని ఉపగ్రహాలకు అరసెకను ఎక్స్‌పోజరు ఇస్తేనే చిక్కు. ఆ కాస్త సమయంలోనే టైటాన్ దాదాపు 12 పిక్సెళ్ల గీతగా మారుతుంది. మాక్సుతోవ్‌ను మోటారు తిప్పుతుంటుంది కాబట్టి అందులో 1 సెకను కూడా సమస్య కాదు.

గ్రహం, ఉపగ్రహాలు ఒకే ఎక్స్‌పోజరులో బాగా రావని ముందే ఒప్పుకుంటే సగం పని తేలికవుతుంది. గురుడికి 10 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి ఒక వీడియో, ఉపగ్రహాలకు 50 నుంచి 100 మిల్లీసెకన్లతో ఇంకొకటి తీయండి. శనికైతే రెండోది అరసెకను నుంచి 2 సెకన్లు ఉండాలి. తర్వాత రెండింటినీ పొరలుగా కలపాలి. నాలుగు ఉపగ్రహాలూ ఫ్రేములో పట్టాలంటే బార్లో తీసేయండి. కాలిస్టో ఒక్కటే గురుడి నుంచి 10 ఆర్క్‌నిమిషాల దూరం పోతుంది.

వీడియో పొడవు విషయంలో చాలామంది గురుడి భ్రమణాన్నే లెక్కేస్తారు. ఉపగ్రహం గురుడి ముందు నుంచి వెళ్తున్నప్పుడు మాత్రం అయో వేగమే కీలకం. సెకనుకు 17 కి.మీ. వేగంతో పోయే అయో మన దూరానికి 3 నిమిషాల్లో 1 ఆర్క్‌సెకను, అంటే దాదాపు తన వెడల్పంత జరుగుతుంది. అలాంటప్పుడు వీడియోను ఒక నిమిషానికే ఆపాలి. లేకపోతే అయో కోడిగుడ్డులా సాగిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. గురుడు 2026 జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో 85 డిగ్రీల ఎత్తుకు చేరాడు. 2027 ఫిబ్రవరిలోనూ దాదాపు నడినెత్తికే వస్తాడు. మన పైనున్న గాలి పొర అక్కడే పలచన, బొమ్మ బాగుంటుంది. డాబ్సోనియన్‌కు మాత్రం అదే గడ్డుచోటు: ట్యూబు నిటారుగా నిలిచాక పక్కకు తోస్తే కదలదు, కదిలితే ఒక్కసారిగా జారుతుంది. మాక్సుతోవ్‌ను ఆల్టజిమత్ స్టాండు (పైకీ కిందికీ, పక్కలకీ మాత్రమే తిరిగేది) మీద పెట్టినా ఇబ్బందే. ఆ ఎత్తులో ఫ్రేము నిమిషానికి 2.7 డిగ్రీలు తిరుగుతుంది. గురుడిని మధ్యలో పెట్టి పేర్చినప్పుడు అంచున ఉన్న కాలిస్టో నిమిషంలో 28 ఆర్క్‌సెకన్లు అలుక్కుపోతుంది. గురుడు 60 డిగ్రీల ఎత్తున ఉండగా తీస్తే ఈ తిరుగుడు నామమాత్రమే. ఈక్వటోరియల్ స్టాండు (ధ్రువనక్షత్రం వైపు పెట్టి, భూమి అక్షానికి సమాంతరంగా తిప్పేది) అయితే అసలే ఉండదు. కానీ మన దగ్గర ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉండి అపార్ట్‌మెంట్ల వెనక దాక్కుంటుంది. నిమిషం, రెండు నిమిషాల వీడియోలకు ఫోను దిక్సూచితో ఉత్తరం పట్టుకుని, స్టాండు వంపును మీ ఊరి అక్షాంశానికి పెడితే చాలు.

నిర్వహణ సంగతి చిన్నదే. డాబ్సోనియన్ అద్దాలను ప్రతిసారీ సరిచూసుకోవాలి, మాక్సుతోవ్‌కు అది అరుదు. మాక్సుతోవ్ ముందు గాజు మీద చలికాలంలో మంచు పడుతుంది, డ్యూ షీల్డు (ఆ గాజు చుట్టూ తొడిగే గొట్టం) తప్పనిసరి. రెండింటినీ గంట ముందే బయట పెట్టండి.

ఒక్కటే కొనాలంటే నా ఓటు డాబ్సోనియన్‌కే, ఎందుకంటే ఫొటోలకు దాన్ని తర్వాతైనా ఈక్వటోరియల్ ప్లాట్‌ఫాం (భూభ్రమణానికి తగ్గట్టు టెలిస్కోపును తిప్పే మోటారు బల్ల) మీద పెట్టుకోవచ్చు, మాక్సుతోవ్ అద్దాన్ని మాత్రం పెద్దది చేయలేం. అయితే ఆ ప్లాట్‌ఫాం మన అక్షాంశానికి, అంటే దాదాపు 13 నుంచి 20 డిగ్రీల మధ్య మీ ఊరికి తగ్గట్టు చేసినదై ఉండాలి. యూరప్ కోసం 50 డిగ్రీలకు చేసినది ఇక్కడ పనికిరాదు.