తోటి టీచర్లా, పిల్లలా: ట్రైనీ టీచర్‌కి ఎవరి దగ్గర ఏం దొరుకుతుంది?

గోల మొదలైతే గొంతు పెంచకుండా ఎలా ఆపాలి, బోర్డుని ఎలా వాడుకోవాలి లాంటివి సీనియర్ టీచర్ క్లాసులో వెనక కూర్చుని చూస్తే తొందరగా పట్టుబడతాయి. కాకపోతే అది ఆయనకి నప్పిన పద్ధతి, అందరికీ నప్పదు.

పిల్లలు నేర్పేది వేరు. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు, అసలు సంగతి నోట్‌బుక్కుల్లో బయటపడుతుంది. 1/4 కన్నా 1/8 పెద్దదని ఒక పాప రాసిందనుకోండి. 4 కన్నా 8 పెద్దది కదా, అందుకే అలా రాసింది. ఆ తప్పు వెనక ఆలోచన ఉంది. అది దొరికితే రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మీ క్లాసులో ఎవరు అలా ఆలోచిస్తున్నారో ఏ సీనియరూ చెప్పలేరు.

ప్రశ్న అడిగాక ఆగడం మాత్రం ఇద్దరి దగ్గరా నేర్చుకోవాల్సిందే. టీచర్లు సాధారణంగా ఒక సెకనుకి మించి ఆగరని, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. మీరు ఎంతసేపు ఆగారో వెనక కూర్చున్న తోటి టీచరే చెప్పాలి. ఆగితే ఏం మారుతుందో పిల్లలు చూపిస్తారు.

మొదటి వారాల్లో సీనియర్ల క్లాసులకే ఎక్కువ సమయం ఇవ్వండి. ఆ తర్వాత నా ఓటు పిల్లల నోట్‌బుక్కులకే.