ణతో పేరా, నాయనమ్మ పేరా, కొత్త పేరా: చెన్నైలో ఏది మేలు?

మా పాపకి అయిదో నెల. పెరంబూరులో మా వీధి మలుపున ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకి కూడా పాపది ఏ నక్షత్రమో తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు, మాకు సహా. బారసాల కాలేదేమో అనుకునేరు, 21వ రోజున నిండుగా అయింది. పళ్లెంలో బియ్యం పోసి మా ఆయన ఉంగరంతో పేరు రాశారు. కాకపోతే ఒకటి రాయాల్సిన చోట మూడు రాశారు. ఏది కాగితం ఎక్కాలో తేలక ఊరుకున్నాం.

ఊరుకోవడానికి వీలూ ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన సంగతి 21 రోజుల్లో నమోదు కావాలి గాని, పేరు అప్పుడే చెప్పి తీరాలని లేదు. ఆసుపత్రి వాళ్లే వివరాలు పంపేశారు, పేరు గడి ఖాళీగా సర్టిఫికెట్ వచ్చింది. 12 నెలల్లోపు పేరు చేరిస్తే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి చేర్చుకోవచ్చు. చేర్చడం తేలికే, చేర్చాక మార్చడమే తలనొప్పి. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీ రుజువు ఈ కాగితమే.

ఇక మూడు పేర్ల సంగతి. ఒకటి పంచాంగం ఇచ్చింది, ఒకటి అత్తమ్మది, ఒకటి మా ఆయన వెతికి తెచ్చింది.

పాప పుట్టింది హస్త మూడో పాదంలో. హస్తకి అక్షరాలు పూ, ష, ణ, ఠ. మూడో పాదమంటే ణ. ణతో మొదలయ్యే పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం. పేరు దాకా ఎందుకు, మాటే లేదు. పొరుగు భాష ఆదుకుంటుందా అంటే తమిళంలోనూ ణ మాట మొదట్లో రాదు. పురోహితుడుగారు ఇలాంటి కేసులు చాలా చూసినట్టున్నారు, కంగారు పడలేదు. "ఆర్ద్ర మూడో పాదం వాళ్లకి ఙ వస్తుందమ్మా, వాళ్లేం చెయ్యాలి?" అన్నారు. జన్మనామం బియ్యంలో, చెవిలో ఉంటే చాలు, పిలిచే పేరు వేరుగా ఉండొచ్చు. కాదూ, నక్షత్రం పేరే కావాలంటే అదే నక్షత్రంలో ఇంకో అక్షరం తీసుకోవచ్చు. ఠతో నాకు ఠాగూర్ తప్ప ఏమీ తోచలేదు. షతో షణ్ముఖి. పూతో పూజిత, పూర్వి, పూర్ణ. వీటిలో పూర్ణ నిలబడింది.

అత్తమ్మ పేరు పెంచలమ్మ. నెల్లూరు వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్న ఇంట్లో ఒక పెంచలయ్యో పెంచలమ్మో ఉండకుండా ఉండరు. పేరు చెప్పగానే జిల్లా తెలిసిపోతుంది. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం మా రెండు వైపులా ఉన్న అలవాటే. దాంతో వచ్చే చిక్కు కూడా పాతదే: కోడలు తన బిడ్డని కోప్పడాలంటే అత్తగారి పేరు పెట్టి కోప్పడాలి. మన ఇళ్లలో ఇన్ని బుజ్జులు, చిట్టులు, పండులు పుట్టుకొచ్చింది ఇందుకేనని నా అనుమానం. (పండు అని పిలిస్తే కింది వాటాలో తమిళ పాటి, అంటే అవ్వ, "పందా?" అని అడిగింది. పందు అంటే వాళ్లకి బంతి.)

మూడోది ధృతి. ధైర్యం, నిలకడ అని అర్థం. చిన్న పేరు, గీతలో కూడా వచ్చే మాట, వినగానే నాకూ నచ్చింది. మా ఆయన అంతకుముందు చూపించిన కొత్త పేర్లలాంటిది కాదు. వాటికి ఫోనులో గొప్ప గొప్ప అర్థాలు రాసి ఉంటాయి, ఇంట్లో ఉన్న నిఘంటువు తిరగేస్తే ఆ మాటే కనబడదు. ధృతి అచ్చమైన మాట. అప్పటికి నా ఓటు దానికే.

ఓటు మారింది కింది వాటాలోనే. పాటి రిటైరైన టీచరు. చెన్నైలో బర్త్ సర్టిఫికెట్ మీద పేరు ఇంగ్లీషుతో పాటు తమిళంలోనూ ఉంటుంది, కాబట్టి మూడు పేర్లూ తమిళంలో రాసి చూపించమన్నాను. క్యాలెండరు కాగితం వెనక రాసి, రాసింది రాసినట్టు పైకి చదివింది. పూర్ణ పూర్ణగానే పలికింది. పెంచలమ్మ పెంజలమ్మ అయింది. ధృతి దగ్గరికి వచ్చేసరికి "తిరుది" అని చదివి, కళ్లజోడు తీసి నా మొహం చూసింది. "ఇదు వేండామ్మా" అంది, ఇది వద్దమ్మా అని. తమిళంలో తిరుడి అంటే దొంగది. రెంటికీ మధ్య ఒక్క అక్షరం తేడా. మొదటి అక్షరానికి చుక్క పెట్టి త్రుది అనీ రాయొచ్చట, కానీ ఒకటో తరగతి పిల్లలకి అంత సూక్ష్మం పడుతుందా?

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులోనో గుంటూరులోనో ఉన్న మన వాళ్లకి ఈ గొడవే ఉండదు. తమిళంలో త, థ, ద, ధలకి ఒకటే అక్షరం. క వర్గానికి ఒకటి, ప వర్గానికి ఒకటి, ట వర్గానికి ఒకటి. మాట మొదట్లో ఉందా మధ్యలో ఉందా, పక్కన ఏముందా అన్నదాన్ని బట్టి పలుకు మారుతుంది. అందుకే పెంచలమ్మలో సున్నా తర్వాతి చ వాళ్ల నోట జ అయింది. మొదట్లో వచ్చే చ చాలామంది నోట స అవుతుంది, కాబట్టి చరిత, సరిత ఒకే బెంచీలో కూర్చుంటే హాజరుపట్టీలో ఇద్దరూ సరితలే. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచుకి ఇది చెబితే నవ్వింది. కన్నడలో ధ, భ, ఘ అన్నీ ఉన్నాయి, వాళ్ల బాబు పేరు తెలుగులోంచి ఎత్తి అక్కడ పెడితే సరిపోయింది.

మరి గీత, గౌరి, భారతి తమిళనాట హాయిగా బతకడం లేదా అంటే, బతుకుతున్నాయి. ఆ పేర్లు తమిళుల చెవికి తరాలుగా తెలుసు. అక్షరం ఏమున్నా నోరు సరిగ్గానే పలుకుతుంది. కొత్త పేరుకి ఆ అండ లేదు, రాసిన అక్షరమే దిక్కు. 2006లో వచ్చిన చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి, రేపు మా పాప తన పేరు తానే తమిళంలో రాసుకోవాలి. అందుకే చెన్నైలో ఉండేవాళ్లు కొత్త పేరు వైపు మొగ్గితే ముందు ఒక తమిళ టీచరు చేత రాయించి, చదివించి చూడండి. సంఖ్యాశాస్త్రం వాళ్లు చెప్పే అదనపు అక్షరాల జోలికి మేం పోలేదు. ఉన్నవే ఎక్కువయ్యాయి.

అలా ధృతి తప్పుకుంది. పూర్ణకీ పెంచలమ్మకీ మధ్య నేనే మొహమాటపడుతుంటే అత్తమ్మే తేల్చేసింది. "నా పేరేందిలేమ్మా, మీకు నచ్చింది పెట్టుకోండి. ఇంటిపేరు మాత్రం పోగొట్టబాకండి."

ఆమె బాధకి కారణం మా ఆయనే. చిన్నప్పుడు ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు ఇనిషియల్ ఏంటని అడిగితే, తమిళుల పద్ధతిలో మామయ్యగారి పేరులో మొదటి అక్షరం చెప్పారు. ఇంటిపేరు రికార్డులోకి రానేలేదు. పెద్దయ్యాక పాన్ కార్డుకి పొడి అక్షరాలు కుదరవు, విడదీసి రాయాలి. అప్పుడు మామయ్యగారి పేరు చివరి గడిలోకి వెళ్లింది. ఇప్పుడు ఆఫీసులో బయటి దేశాల వాళ్లు ఫోను చేసి మామయ్యగారి పేరు పెట్టి మా ఆయన్ని పిలుస్తారు. స్పీకరులో అది వినబడ్డప్పుడల్లా అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇక్కడ ఏది మేలు అన్నదానికి నాకు రెండో ఆలోచన లేదు. ఒట్టి ఇనిషియల్ అన్నిటికన్నా అధ్వానం. 2021లో వచ్చిన ఉత్తర్వుతో ప్రభుత్వ కాగితాల్లో ఇనిషియల్ కూడా తమిళ అక్షరంలోనే రాయాలి, అంటే భాస్కర్ కూతురికీ పార్థసారథి కూతురికీ ఒకటే ఇనిషియల్. అసలు ఇంటిపేరు గడే వదిలేసినా చిక్కే. పాస్‌పోర్టులో ఒంటి పేరే ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. అమెరికా వీసాలో ఆ ఒంటి పేరు ఇంటిపేరు గడిలో పడి, అసలు పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదని) అని అచ్చవుతుంది. తండ్రి పేరు ఇంటిపేరుగా పెడితే పని జరుగుతుంది గాని, తరం మారినప్పుడల్లా అదీ మారిపోతుంది. మా అన్నదమ్ముల పిల్లలు కాగితాల మీద ఒకరికొకరు ఏమీ కారు. కాబట్టి ఇంటిపేరే, పూర్తిగా, విడదీసి. మన అలవాటుగా ముందు కాకుండా చివర్లో. ముందు రాస్తే ఇక్కడి టీచర్లు దాన్నే పిల్ల పేరనుకుని పిలుస్తారు. నాకు కాలేజీలో మూడేళ్లు జరిగింది.

పూర్ణ, వెనక ఇంటిపేరు. కార్పొరేషన్‌కి ఈ నెలలోనే ఇద్దామనుకున్నాం. నిన్న ఫారం ముందేసుకుని కూర్చుంటే ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర ఆగింది. తమిళంలో పూ అంటే పువ్వు, రెండు ఓలు పెట్టమంటుంది పాటి. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఆ స్పెల్లింగు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు, అక్కడ పూ అంటే ఏమిటో పసిపిల్లలున్న ఇంట్లో వేరే చెప్పాలా? మా ఆయన యూ అంటున్నారు, నేనూ యూ అంటున్నాను. అత్తమ్మ మాత్రం పాటి వైపు. 12 నెలలు నిండడానికి ఇంకా ఏడు నెలలుంది.