బాలాజీ కాలనీలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్పించాను: షాపు పనితనం, వాళ్లు చెప్పిన సంగతులు

తిరుపతిలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్చే షాపులకు కొదవ లేదు. పాతది ఎందుకు పోయిందో అంకెలతో చూపించి, కొత్తదాన్ని ఎట్లా చూసుకోవాలో కూర్చోబెట్టి చెప్పిన షాపు మాత్రం నాకు ఇదొక్కటే దొరికింది. బాలాజీ కాలనీలో ఒక సందులో, మందుల షాపు పైన మొదటి అంతస్తు. రెండు బల్లలు, ఒక సోల్డరింగ్ స్టాండు, గోడకు వరసగా స్క్రూడ్రైవర్లు. పెద్దాయన ఒకరు, పని చేసే అబ్బాయి ఒకడు. అంతే షాపు.

నేను ఇంట్లో కూర్చుని చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. బట్టల కొట్లు, ఒక లాడ్జి, రేణిగుంట వైపు రెండు వర్క్‌షాపులు. నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు త్రీబీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. పొద్దున టిఫిన్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరిస్తే రాత్రి వరకు అది ఛార్జర్‌కు తగిలించే ఉంటుంది. నా పనిలో ఇంకో దారి లేదు. ఈ షాపు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణమూ అదే. నాలాగా రోజంతా ప్లగ్‌లో పెట్టి పని చేసేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలు, యూనివర్సిటీలో థీసిస్ రాసుకునేవాళ్లు, ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పే టీచర్లు.

సమస్య టచ్‌ప్యాడ్‌తో మొదలైంది. నొక్కితే టక్కుమనాల్సింది రాయిలా గట్టిపడింది. నాలుగు రోజులకు మూత కూడా ఒక పక్క సరిగా మూసుకోలేదు. ముందు వేరే రోడ్డులో ఒక షాపుకు తీసుకుపోతే, తెరిచి కూడా చూడకుండా టచ్‌ప్యాడ్ పోయింది, పై ప్యానెల్ మొత్తం మార్చాలి అన్నారు. ఐదు వేల పైచిలుకు. చూసినందుకు మూడు వందలు తీసుకున్నారు.

బాలాజీ కాలనీ అబ్బాయి చేసిన మొదటి పని ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి రెండు మూలలు వేళ్లతో నొక్కడం. అది ఊగింది. వెంటనే, "అక్కా, బ్యాటరీ ఉబ్బిండాది. ఇంక ఛార్జర్ పెట్టొద్దక్కా" అన్నాడు. నా కళ్లముందే అడుగు మూత విప్పాడు. బ్యాటరీలో మూడు పలకలు, అంటే సెల్లులు, పక్కపక్కన ఉంటే నడిమిది దిండులా లేచి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి తోస్తోంది. ముందు కనెక్టరు పీకాడు. ఆ తర్వాత ఇనుప స్క్రూడ్రైవర్ జోలికే పోలేదు. పలుచటి ప్లాస్టిక్ ముక్కతో, కింద ఉన్న జిగురు టేపును కొంచెం కొంచెంగా వదిలించి తీశాడు. తీసినదాన్ని మూలనున్న ఇసుక బకెట్లో పెట్టాడు. లోపలి ద్రవం చెడిపోయి గ్యాసు తయారైతేనే బ్యాటరీ అట్లా ఉబ్బుతుందట. సూది మొనంత గాటు పడినా మంట రావచ్చు. ఉబ్బినదాన్ని గుచ్చి గాలి తీసేద్దామనుకునేవాళ్లు ఉన్నారని పెద్దాయన చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఇక నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. "ఎప్పుడూ ఛార్జింగ్ పెట్టి వాడినందుకేనా అన్నా?" అని అడిగాను.

"ఛార్జింగ్ పెట్టి పని చేస్తే తప్పేం లేదుమా. నూటికి నూరు నింపి, వేడిలో కూర్చోబెడితేనే చేటు" అన్నారాయన. నిండు గిన్నె పాలు పొయ్యి మీద వదిలేసినట్టు అని పోలిక కూడా చెప్పారు.

బ్యాటరీ నిండగానే ల్యాప్‌టాప్‌లోని సర్క్యూటు ఛార్జింగ్ ఆపేస్తుంది. ఆ తర్వాత మిషన్ నడిచేది అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు మీదే. కాబట్టి ఎక్కువసేపు ప్లగ్‌లో ఉంటే కరెంటు కుక్కి కుక్కి బ్యాటరీ పగిలిపోతుందన్న భయం అక్కర్లేదు. అసలు చిక్కు వోల్టేజీ. మామూలు లిథియం అయాన్ సెల్లు నూరు శాతం నిండితే దగ్గరదగ్గర 4.2 వోల్టుల మీద ఉంటుంది. ఆ ఒత్తిడిలో నెలల తరబడి ఉంచితే లోపలి రసాయనాలు మెల్లగా చెడతాయి. వేడి తోడైతే ఆ చెడడం వేగమవుతుంది. 80 శాతం దగ్గర ఆపితే వోల్టేజీ నాలుగు చిల్లరకు దిగుతుంది, సెల్లుకు కొంచెం ఊపిరాడుతుంది.

ఇది మాటల్లో చెప్పి వదిలేయలేదు. కొత్త బ్యాటరీ బిగించిన రోజు ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టాడు అబ్బాయి. విండోస్ ఒక రిపోర్టు తయారు చేసింది. అందులో కెపాసిటీ హిస్టరీ అని ఒక పట్టిక ఉంటుంది. కంపెనీ వేసిన కెపాసిటీ ఒక గడిలో, నిండుగా ఛార్జ్ చేస్తే నిజంగా పట్టింది పక్క గడిలో. నా పాతది 45,000 మిల్లీవాట్ అవర్లది (బ్యాటరీకి ఎంత పడుతుందో చెప్పే కొలత). దాని చివరి వరుసలో 21,000 దగ్గరుంది. లెక్కలు రాసేదాన్ని కదా, వరుసలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఏప్రిల్, మే, జూన్ వరుసల్లో అంకె గబగబా పడింది. చలికాలంలో దాదాపు కదల్లేదు. మాది డాబా కింది గది. ఎండాకాలం మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఊళ్లో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో నా బల్ల మీద ఏం జరిగిందో ఆ పట్టికలో రాసిపెట్టి ఉంది. బ్యాటరీ మీద నేను నడిపేది కరెంటు పోయినప్పుడు మాత్రమే, అయినా సగానికి పైగా అరిగిపోయింది. వాడితేనే కాదు, నిండుగా, వేడిగా ఊరికే ఉన్నా అరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

35 డిగ్రీలు దాటిన చోట వాడకపోవడం మంచిదని కంపెనీలు చెబుతుంటాయి. తిరుపతి మే నెలలో అది ఏసీ గదిలో తప్ప కుదరదు. కుదిరినవి చేసుకోవాలి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగున గాలి దారి మూసుకుపోతుంది, అది మానుకోవచ్చు. ఫ్యాను రెక్కల్లో దుమ్ము తీయించవచ్చు. నా ల్యాప్‌టాప్‌లో దుమ్ము పీచులా అల్లుకుని ఉంది. అబ్బాయి బ్రష్షుతో, బ్లోయరుతో శుభ్రం చేసి, లోపలి వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు కొత్తది వేశాడు. ఇంకో మాట పెద్దాయన చెప్పారు, ఇది మన ఊరికే వర్తించేది. అలిపిరిలో కారు ఎండలో పెట్టి, ల్యాప్‌టాప్ బ్యాగు సీటు మీద వదిలేసి కొండకు పోయి సాయంత్రం దాకా దర్శనం చేసుకుని వచ్చే భక్తుల బ్యాటరీలు ఆయన దగ్గరికి వస్తుంటాయట.

నూరు కాకుండా 80 దగ్గర ఆపే సెట్టింగు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది, మనకు ఎవరూ చెప్పరు. లెనోవోలో వాంటేజ్ అనే యాప్‌లో కన్జర్వేషన్ మోడ్. ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్. డెల్‌లో ఎక్కువగా ఏసీ కరెంటు మీద వాడేవాళ్ల కోసమని వేరే ఎంపిక ఉంటుంది. హెచ్‌పీ మోడళ్లు కొన్నింటిలో బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి పోవాలి. నా దాంట్లో అబ్బాయి పెట్టి, ఎట్లా తీయాలో నా చేతే చేయించాడు. దూర ప్రయాణం ఉంటే ముందురోజు రాత్రి తీసి నూరుకు నింపుకోవడమే.

80తో కరెంటు కోతలప్పుడు చాలదేమోనని నేను అడిగాను. కొత్త బ్యాటరీలో 80 శాతం అంటే నా పాతదాని నిండు ఛార్జికంటే చాలా ఎక్కువ. లెక్క వేస్తే తెలిసిపోతుంది. వెనకటి రోజుల్లో బ్యాటరీ ఊడదీసి ఉత్త అడాప్టర్ మీద నడిపేవాళ్లం కదా, ఇప్పుడూ అట్లా చేయవచ్చా అని కూడా అడిగాను. వద్దన్నారు. రిటర్ను వేసే మధ్యలో కరెంటు పోతే అంతా పోతుంది. ఉన్న బ్యాటరీయే మనకు యూపీఎస్. నెలకోసారి పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాలన్న సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలానిది. లిథియం వాటిని సున్నాకు దింపడమే చెరుపు. 20కి రాకముందే తగిలించుకోవడం మేలు.

అడాప్టరును మీటరు పెట్టి చూశారు. సరైన వాట్లది కాకపోతే, మిషన్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు తగ్గినదాన్ని బ్యాటరీ నుంచి తీసుకుంటుందట. ప్లగ్‌లో ఉండి కూడా బ్యాటరీ అరుగుతుందన్నమాట. నాది 65 వాట్లది, సరిగానే ఉంది.

కొత్త బ్యాటరీ విషయానికొస్తే రెండు రకాలు చూపించారు. ఒకటి చవక, 1,900. ఇంకొకటి 3,400. చవక దాని మీద బ్యాటరీల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 అన్న ముద్రగానీ, ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరుగానీ లేవు. "ఇది కావాలంటే ఇస్తాంమా, నేనైతే మా ఇంట్లో వేసుకోను" అన్నారు పెద్దాయన. రెండోది తీసుకున్నాను, దాని మీద రెండూ ఉన్నాయి, ఆరు నెలల వారంటీ. బ్యాటరీ సీరియల్ నంబరు బిల్లులో రాసిచ్చారు. బిల్లు సక్రమంగా ఉంది, సరుకు కోడు హెచ్‌ఎస్‌ఎన్ 8507, 18 శాతం జీఎస్టీ. ఈ ఊళ్లో రిపేరు షాపుల్లో అడగకుండా బిల్లు రావడం నేను తక్కువ చూశాను. శుభ్రం చేసినందుకు, బిగించినందుకు 400. టచ్‌ప్యాడ్‌కు ఏ రోగమూ లేదు, బ్యాటరీ మారగానే మామూలుగా నొక్కుకుంటోంది.

రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో మునోత్ ఇండస్ట్రీస్ వాళ్ల లిథియం సెల్ కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. దేశంలోనే మొదటిదని అప్పుడు పేపర్లలో వచ్చింది. నేను మాత్రం ఎదురుచూసింది చెన్నై నుంచి వచ్చే బ్యాటరీ కోసం. షాపులో నా మోడలుకు స్టాకు లేదు, రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాలన్నారు. అది నా 20వ తేదీ గడువు వారం. ఈలోపు వాడుకోవడానికి వేరే మిషన్ ఇవ్వరు. ఉత్త అడాప్టర్ మీదే నడుపుకుంటూ, ప్రతి పేజీకీ సేవ్ కొట్టుకుంటూ గడిపాను. వచ్చిందా లేదా అని ఫోన్ చేస్తే ఎత్తరు, మనమే పోయి కనుక్కోవాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. బండి పెట్టుకోవడానికి సందులో చోటు లేదు. వీటిని వాళ్లు సరిచేసుకుంటే బాగుంటుందని మొహం మీదే చెప్పాను, పెద్దాయన నొచ్చుకోలేదు.

ఉబ్బిన బ్యాటరీని ఇంటికి ఇవ్వలేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని మామూలు చెత్తలో వేయకూడదు. కొన్ని పోగయ్యాక రీసైక్లింగ్‌కు తీసుకునేవాళ్లకు ఇస్తామన్నారు. మీ ఇంట్లో పాతవి, ఉబ్బనివి ఉన్నా తీసుకుంటారు, డబ్బు అడగరు. టెర్మినల్స్ మీద టేపు వేసి తీసుకురమ్మన్నారు. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో పదిన్నరకు తెరుస్తారు. పదకొండు లోపు పోతే రద్దీ ఉండదు, ఆ పట్టిక మీ కోసం కూడా తెరిచి చూపించే తీరిక వాళ్లకు ఉంటుంది.