మూరన్నర, నాలుగు వేళ్ళు: హార్లెం నుంచి రావెన్స్‌బ్రుక్ దాకా

అమ్మ కొంగు నడుముకి దోపుకుని, వంగి, గోడకి కొట్టిన కన్నంలో కుడిచెయ్యి పెట్టింది. మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా ఒక మూర. తర్వాత అరమూర. ఆ పైన నాలుగు వేళ్ళు. గుంటూరులో నలభై ఏళ్ళుగా మల్లెపూలు బేరమాడి కొంటున్న చెయ్యి అది, దాని లెక్క తప్పదు. సరిగ్గా అప్పుడే గైడు ఇంగ్లీషులో డెబ్భై ఐదు సెంటీమీటర్లని చెబుతోంది. "ఇందులోనా? ఆరుగురా?" అంది అమ్మ నా చెవిలో.

నెదర్లాండ్స్‌లో హార్లెం ఊరు, బార్టెల్‌యోరిస్‌స్ట్రాట్ అనే వీధి, 19వ నంబరు. కింద గడియారాల కొట్టు, పైన కోరీ టెన్ బూమ్ వాళ్ళ ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి యూదుల్ని ఇంట్లో దాచిన కుటుంబం వాళ్ళది. తెలుగు చర్చిల్లో పెరిగిన వాళ్ళకి ఈ పేరు కొత్తేం కాదు. క్షమాపణ మీద ప్రసంగమంటే మా అయ్యగారు ఎటు తిరిగీ కోరీ దగ్గరికే వచ్చేవారు. అమ్మ సండే స్కూల్ టీచరు, తనకీ అది కంఠతా వచ్చు.

నేను మాత్రం వేరే దారిన వచ్చాను. లాక్‌డౌన్‌లో హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన కాలం నాటి క్రైస్తవ ప్రేమ నవలలు ఇంగ్లీషులో వరసబెట్టి చదివాను. ఒక యూదు అమ్మాయి, ఆమెని దాచిన రైతు కొడుకు, అటక మీద ప్రార్థన, చివర్లో పెళ్ళి. చదువుతూ ఏడ్చాను, కాదనను. ఓ పది పూర్తయ్యాక మాత్రం అనుమానం మొదలైంది. మనకి నచ్చిన వాళ్ళంతా చివరికి బతికే ఉంటున్నారేంటి? ఆఖరి అధ్యాయంలో ఆ అమ్మాయి బాప్తిస్మం తీసుకోకుండా కథ ఎందుకు ముగియడం లేదు? తమ్ముడు ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సెప్టెంబరు చివర అమ్మని తీసుకుని పది రోజులకి బయల్దేరాను.

ముందు చేసిన తప్పు చెప్తా. బస ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున కాలవ పక్కన తీసుకున్నాను. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది. వెళ్ళి చూస్తే లిఫ్టు లేదు, గది మూడో అంతస్తులో, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ ఒక్కో మెట్టూ కూర్చుని దిగాల్సి వచ్చింది. ఇంటాయనకి ఫోన్ చేస్తే "పాత ఇళ్ళన్నీ ఇంతేనండీ" అన్నాడు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లిఫ్టు ఉందా అని మెసేజ్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. మూడో రోజు హార్లెంకి మారిపోయాం. స్టేషన్ పక్కనే చిన్న హోటలు, లిఫ్టు ఉంది, పొద్దున టిఫిన్ వాళ్ళదే. అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ రైల్లో ఇరవై నిమిషాల లోపే. మళ్ళీ వెళ్తే మొదటి రోజు నుంచీ హార్లెంలోనే దిగుతాను.

రైలెక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనించాలి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళలేరు. దిగాక ఆనించడం మర్చిపోతే డబ్బులు ఎక్కువ పోతాయి. నాకు ఒకసారి పోయాయి.

నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటి గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను టికెట్ల వరకే చెప్తా. అక్కడ కౌంటర్ ఉండదు, ఆన్‌లైన్‌లోనే కొనాలి. ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు. అలారం పెట్టుకుని కూర్చుంటేనే దొరుకుతాయి. లోపల మెట్లు ఇరుకు, జనం కిక్కిరిసి ఉంటారు. నిలబడి ఆలోచించుకునే తీరిక దొరకదు.

నేను ఎక్కువసేపు గడిపింది ప్లాంటేజ్ పేటలో. 2024లో తెరిచిన నేషనల్ హోలోకాస్ట్ మ్యూజియం అక్కడే ఉంది. అది ఒకప్పటి ప్రొటెస్టెంట్ టీచర్ ట్రైనింగ్ కాలేజీ భవనం. ఎదురుగా ఉన్న నాటకశాలలో యూదుల్ని రైలెక్కించే దాకా బంధించేవారు. చిన్న పిల్లల్ని మాత్రం విడదీసి, కాలేజీ పక్కనున్న క్రెష్‌లో ఉంచేవారు. ఆ పిల్లల్ని పెరటి కంచె మీదుగా కాలేజీలోకి అందించి, అక్కణ్ణుంచి బయటికి దాటించారు. ట్రామ్ వచ్చి వీధిలో ఆగితే అవతల గేటు దగ్గరున్న కాపలావాళ్ళకి ఇవతల ఏం జరుగుతోందో కనబడదు. ఆ కాసేపట్లో పిల్లని చంకనేసుకుని బయటపడేవారు. అలా దాదాపు 600 మంది బతికారు. కాలేజీ నడిపిన యోహన్ వాన్ హుల్స్ట్ భక్తిపరుడైన ప్రొటెస్టెంట్. క్రెష్ ఖాళీ చేయించిన రోజు తాను పన్నెండు మందినే తీసుకోగలిగానని, పదమూడో పిల్లని ఎందుకు తీసుకోలేకపోయానని ఆయన తర్వాత అడుక్కున్నారు. 107 ఏళ్ళు బతికి 2018లో పోయారు. నేను చదివిన నవలల్లో ఏ హీరోకీ ఈ పదమూడో పిల్ల లేదు.

అక్కణ్ణుంచి నడిచి వెళ్ళే దూరంలో నాజీల చేతుల్లో పోయినవాళ్ళ పేర్ల స్మారకం ఉంది. ఒక్కో ఇటుక మీద ఒక్కో పేరు, 1,02,000కి పైగా ఇటుకలు. టికెట్ లేదు. అమ్మ ఒక ఇటుక మీద పుట్టిన తేదీ పక్కనున్న వయసు చూసింది. ఏడాది కూడా లేదు. ఇక చాలు, పదమంది.

ఇక హార్లెం. కోరీ ఇంటికి ముందుగా ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకోవాలి, చిన్న గుంపులుగానే లోపలికి పంపుతారు. డచ్ టూర్లూ ఇంగ్లీషు టూర్లూ వేర్వేరు, చూసి తీసుకోండి. ఆదివారం మూసేస్తారు. ప్రవేశం కొట్టులోంచి కాదు, పక్క సందులో తలుపు. చూపించేవాళ్ళు జీతాలవాళ్ళు కారు, స్వచ్ఛందంగా వచ్చే విశ్వాసులు. దాంతో మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. మ్యూజియంలో ఉన్నట్టు కాకుండా ఎవరింటికో వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది. హాల్లో కూర్చోబెట్టి కథ చెప్తారు, చివర్లో సువార్త కూడా చెప్తారు. మా గుంపులో ఉన్న ఒక జంట అప్పుడు కాస్త అసహనంగా కదిలారు. నాకేం ఇబ్బంది అనిపించలేదు కానీ తెలిసి వెళ్ళడం మంచిది.

ఈ ఇంట్లో 1837 నుంచి గడియారాల పని. కోరీ తాతగారు 1844లో యూదుల కోసం ప్రార్థన కూడిక మొదలుపెట్టారట. సరిగ్గా వందేళ్ళకి, 1944 ఫిబ్రవరి 28న, నాజీల రహస్య పోలీసులు, గెస్టపో వాళ్ళు, ఈ తలుపు తోసుకుని వచ్చారు. కోరీ నాన్న కాస్పర్‌కి అప్పుడు 84 ఏళ్ళు. జైల్లో పది రోజులకే పోయారు. కోరీ 1922లో లైసెన్సు తీసుకున్న గడియారాల మెకానిక్కు, హాలండ్‌లో ఆడవాళ్ళలో మొదటావిడ. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఇష్టపడిన అబ్బాయి డబ్బున్న సంబంధం చేసుకున్నాడని ఆవిడే రాసుకున్నారు. ఇంట్లో ప్రేమకథ అంటూ వెతికితే దొరికేది ఇదొక్కటే. మిగతాదంతా అక్క బెట్సీ, తండ్రి, తలుపు కొట్టిన కొత్తవాళ్ళు.

కోరీ పడగ్గది పై అంతస్తులో ఉంది. ఆ గది చివర దొంగ గోడ కట్టారు. చెక్కతో కడితే తట్టినప్పుడు బోలుగా మోగుతుందని ఇటుకలతోనే కట్టారు. లోపలికి దారి దుప్పట్ల బీరువా కింది అరలోంచి, పాక్కుంటూ వెళ్ళాలి. అలారం మోగగానే లేచి, పరుపు తిరగేసి, పడుకున్న వేడి తెలియకుండా చేసి, అరలో దూరాలి. నిమిషం దరిదాపుల్లోకి వచ్చేదాకా ప్రాక్టీసు చేశారు. ఈ పరుపు తిరగేసే సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పోలీసు స్టేషను అక్కడికి కూతవేటు దూరం.

చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఇప్పుడు ఆ గోడకి ఒక కన్నం కొట్టారు. అమ్మ చెయ్యి పెట్టింది అందులోనే. నేను అరలోంచి లోపలికి పాకి నిలబడ్డాను. వీపు ఒక గోడకి, ముక్కు ఇంకో గోడకి. నలుగురు యూదులు, ఇద్దరు రహస్య ఉద్యమం వాళ్ళు దాదాపు 47 గంటలు ఇలా ఉన్నారు. కింద ఇంటివాళ్ళని తీసుకుపోతున్న చప్పుడు వినబడుతున్నా దగ్గకూడదు. ఆ సోదాలో వాళ్ళు ఆరుగురూ దొరకలేదు.

"నాకు మరుగు చోటు నా కేడెము నీవే" అని 119వ కీర్తనలో ఉంది. కాస్పర్ ఇంట్లో చదివిన వాక్యమది. మరుగు చోటు అనే మాట నేను చిన్నప్పటి నుంచీ పాటలో పాడుతూనే ఉన్నాను. మోకాళ్ళ మీద పాకి బయటికొచ్చి చీర దులుపుకుంటున్నప్పుడు ఆ మాటకి సున్నం వాసన ఉన్నట్టు అనిపించింది.

నవలల సంగతి కూడా ఇక్కడే తేలింది. దాక్కున్న వాళ్ళలో యూసీ అని పిలిచే ఆయన ఆమ్‌స్టర్‌డామ్ సమాజమందిరంలో గాయకుడు. ఈ ఇంట్లో హనుక్కా పండగ చేసుకుంటూ గట్టిగా పాడేవారు. పక్కింటికి వినబడుతోంది, కాస్త తగ్గించండని చెప్పించుకునేదాకా వెళ్ళింది. పాడొద్దని ఇంటివాళ్ళు అనలేదు. మారమని ఒత్తిడీ పెట్టలేదు. యూదులు దేవుని ప్రజలని కాస్పర్ నమ్మకం, అంతటితో ఆగారు.

బయటికొచ్చి గ్రోట్ మార్క్ట్‌లో కూర్చున్నాం. శనివారం సంత. వేడి వేడి పొఫర్చెస్, మన గుంతపొంగణాల్లాంటివే, పైన పంచదార పొడి. అమ్మకి తెగ నచ్చాయి. ఎదురుగా పెద్ద చర్చిలో 1738 నాటి ఆర్గన్ ఉంది, పదేళ్ళ మోజార్ట్ వచ్చి వాయించాడట. టికెట్ పెట్టి చూశాం, బాగుంది, అంతే.

ఇక్కడితో ఆగితే యాత్ర హాయిగా ముగిసేది. చాలామంది హార్లెంతోనే ఆగుతారు. మేము బెర్లిన్ వెళ్ళాం, అక్కణ్ణుంచి కోరీనీ బెట్సీనీ బంధించిన ఆడవాళ్ళ క్యాంపు రావెన్స్‌బ్రుక్‌కి.

అమ్మ లూథరన్. గుంటూరు లూథరన్లకి జర్మనీ అంటే కాస్త పుట్టింటి అభిమానం. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారు అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోనే. రైల్లో అమ్మ ఆయన గురించే చెప్పుకుంటూ వచ్చింది. లూథర్ 1543లో యూదుల మీద ఎంత విషం రాశాడో, దాన్ని నాజీలు ఎలా వాడుకున్నారో నేను చెప్పలేదు. చెప్పాలనుకుని మానుకున్నాను.

బెర్లిన్ నుంచి ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్‌కి లోకల్ రైల్లో గంట. స్టేషన్ నుంచి రావెన్స్‌బ్రుక్‌కి నడక అరగంట పైనే. మాకు టాక్సీ దొరకలేదు. అమ్మతో నాలుగుసార్లు ఆగి ఆగి నడిచాం. ప్రవేశం ఉచితం, సోమవారం వెళ్ళొద్దు. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళండి. మేము పులిహోర కట్టుకెళ్ళాం, కానీ అక్కడ డబ్బా తెరవబుద్ధి కాలేదు.

బస గురించి ఒక విచిత్రం. క్యాంపు గేటు దగ్గరే యూత్ హాస్టల్ ఉంది. శుభ్రమైన గదులు, చౌక. ముందు అక్కడే బుక్ చేద్దామనుకున్నాను. అవి ఆడ కాపలాదారుల క్వార్టర్లని తెలిసి అమ్మకి చెప్పాను. "వాళ్ళు పడుకున్న గదిలో నేను పడుకోనే" అంది. మేము వెళ్ళేసరికి జర్మన్ హైస్కూలు పిల్లలు దిండ్లు, దుప్పట్లు మోసుకుని నవ్వుకుంటూ ఆ ఇళ్ళల్లోకి వెళ్తున్నారు. క్యాంపు గురించి చదవడానికి వచ్చారట. అమ్మ వాళ్ళకేసి చాలాసేపు చూసింది. తప్పనీ ఒప్పనీ అనలేదు. నేనూ తేల్చుకోలేకపోయాను. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అదే సౌకర్యం.

బ్యారక్‌లు ఇప్పుడు లేవు. నల్లటి చిట్టెం పరిచిన ఖాళీ మైదానం, బ్యారక్‌లు ఉన్నచోట నేల కాస్త పల్లంగా ఉంటుంది. 1939 నుంచి 1945 దాకా ఇక్కడికి దాదాపు 1,20,000 మంది ఆడవాళ్ళని, పిల్లల్ని తెచ్చారు. కోరీ, బెట్సీ ఉన్నది 28వ బ్యారక్. అయ్యగారు ప్రసంగంలో "నల్లులకి కూడా స్తోత్రం చెప్పింది బెట్సీ" అనేవారు. నిజానికి నల్లులు కావు, మన బైబిల్లో దావీదు తనని పోల్చుకున్న మిన్నల్లులు, ఇంగ్లీషులో ఫ్లీస్. అవి ఉన్నందుకే కాపలావాళ్ళు లోపలికి రాలేదు, కాబట్టి వీళ్ళు బైబిలు చదువుకోగలిగారు. బెట్సీ 1944 డిసెంబరు 16న ఇక్కడే చనిపోయింది. పన్నెండు రోజులకి కోరీని వదిలేశారు, ఆఫీసు పొరపాటు వల్లనని తర్వాత తెలిసింది. ప్రసంగంలో మేము ఎప్పుడూ కోరీతో పాటు గేటు బయటికి వచ్చేసేవాళ్ళం. ఆ రోజు మొదటిసారి లోపల ఉండిపోయాం.

ఇక్కడి ప్రదర్శనలో కోరీ ఒక్కతే కాదు. పోలండ్ ఆడవాళ్ళు, ఫ్రెంచి ఆడవాళ్ళు, రోమా (జిప్సీ) తల్లులు, కమ్యూనిస్టులు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా పక్కవాళ్ళకి రొట్టెముక్క పెట్టారు. విశ్వాసం కథ కోసమే వెళ్తే నిరాశ పడొచ్చు. హార్లెం చూసినవాళ్ళకి మాత్రం ఇది తప్పనిసరని నా అభిప్రాయం. రెండిట్లో ఒకటే కుదిరితే, పెద్దవాళ్ళతో అయితే హార్లెం, మీరొక్కరే అయితే ఇది.

గోడ దాటగానే చెరువు. కాల్చిన బూడిద అందులోనే పోసేవారు. ఒడ్డున, ఇంకో ఆడమనిషిని చేతుల మీద మోస్తున్న స్త్రీ విగ్రహం. విగ్రహం చూస్తున్న వైపు, నీళ్ళకి అవతల, ఊరు. ఊరి మధ్యలో చర్చి శిఖరం. స్పష్టంగా కనబడుతుంది.

"ఆ గంట ఇక్కడికి వినబడేదా?" అంది అమ్మ.

నా దగ్గర జవాబు లేదు. తిరుగు రైలు దాకా తను ఇంకేం మాట్లాడలేదు.

గుంటూరు వచ్చిన మూడో ఆదివారం సండే స్కూల్లో అమ్మ మళ్ళీ కోరీ కథ చెప్పింది. ఈసారి బెంచీని గోడ వైపు జరిపి, మధ్యలో మూరన్నర నాలుగు వేళ్ళు కొలిచి, ఆరుగురు పిల్లల్ని అందులో నిలబెట్టింది. కదలొద్దు, దగ్గొద్దు అని వాచీ చూసుకుంది. నిమిషం కూడా కాలేదు, చివర నిలబడ్డ బుడ్డోడు చెయ్యెత్తాడు. "టీచరమ్మా, మంచినీళ్ళు."