బస్టాపు పక్కన చిన్న డబుల్ బెడ్‌రూం: మద్దిలపాలెం, ఎంవీపీ వైపు ఫ్లాట్లు ఎలా ఉన్నాయి?

ఇది ఏ ఒక్క బిల్డరు గురించీ కాదు. విశాఖపట్నంలో మద్దిలపాలెం, ఇసుకతోట, ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల దొరికే 900 అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అనే సరుకు గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం: అదే డబ్బు పట్టుకుని ఊరి బయట ఆనందపురం దాటి 1,350 అడుగులు కొనడం కన్నా ఇదే మేలు. అయితే ఈ రకంలో నాసివి బోలెడు, చూసి కొనాలి.

మొదట బస్సు. కూర్మన్నపాలెం వైపు 400కే, తగరపువలస వైపు 222 నంబరు బస్సులు హైవే మీదే తిరుగుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. రెండో బండి కొనే అవసరం చాలా ఇళ్లలో అక్కడే తీరిపోతుంది.

బ్రోషర్‌లో ‘స్టాపుకు 300 మీటర్లు’ అంటే నమ్మేయకండి. ఎక్కే స్టాపు కాదు, సాయంత్రం దిగే స్టాపు ఎక్కడో చూడాలి. తిరుగు బస్సు హైవేకి అవతలి పక్క దింపుతుంది. మధ్యలో డివైడరు, రెయిలింగు. సిగ్నలు దాకా నడిచి, దాటి, మళ్లీ వెనక్కి రావాలి. 300 మీటర్లు కాస్తా 800 అవుతాయి. పైగా మన ఊళ్లో ఎత్తుపల్లాలు మ్యాపులో కనబడవు. చీకటి పడ్డాక, చేతిలో కూరగాయల సంచీతో ఒకసారి నడిచి చూస్తే తేలిపోతుంది. ఎంవీపీ లోపలి సెక్టార్లలో ఈ బాధ తక్కువ. రైతు బజారు కూడా నడిచి వెళ్లే దూరమే.

ఇక ఫ్లాట్. 900 అన్నది అమ్మకపు లెక్క. మెట్లు, లిఫ్టు, గోడలు అందులోనే కలిపేస్తారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) చెప్పే కార్పెట్ ఏరియా అడగండి. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు, లోపలి గోడలు వస్తాయి. అది 600 నుంచి 640 మధ్య ఉంటే సరే. 10×16 హాలు, 10×12, 10×11 గదులు, 7×9 వంటిల్లు, రెండు బాత్‌రూంలు అందులో పడతాయి. చిన్న ఫ్లాటును పాడుచేసేది నడవా. మూడడుగుల వెడల్పున పన్నెండడుగులు పోతే 36 అడుగులు దండగ, అంటే వంటింట్లో సగానికి పైనే! గదుల తలుపులు నేరుగా హాల్లోకి తెరుచుకునే ప్లానే ఎంచుకోండి, అందం సంగతి తర్వాత.

కిటికీ దగ్గర ఆగండి. యూపీవీసీ స్లైడింగ్ కిటికీ కింది పట్టాలో మగ్గుడు నీళ్లు పోసి చూడండి. ఆ నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి బయటికి జారిపోవాలి. సిమెంటుతో ఆ రంధ్రాలు పూడిపోయి ఉంటే, అల్పపీడనం పట్టినప్పుడు ఈదురుగాలికి కొట్టే వాన మంచం దాకా వస్తుంది. సముద్రపు గాలి కదా, పాత బిల్డింగైతే బాల్కనీ స్లాబు అడుగున తుప్పు చారలూ, పెచ్చులూ చూడాలి.

అసలు తగువు స్టిల్టులో, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగులో. 500 గజాల స్థలంలో నాలుగంతస్తులు వేశారనుకోండి. 1,350 అడుగుల ఫ్లాట్లైతే ఎనిమిది, 900వైతే పన్నెండు. స్థలం వాటా మొదటి లెక్కన 62.5 గజాలు, రెండో లెక్కన 41.7. ఊరి మధ్య ధరల్లో ఈ 21 గజాల తేడాయే చిన్న ఉద్యోగి కొనగలడా లేదా అన్నది తేలుస్తుంది. కానీ తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకు 25 నుంచి 28 చదరపు మీటర్లు కావాలి, కాబట్టి మెట్లూ లిఫ్టూ పోను స్టిల్టులో ఎనిమిదికి మించి పట్టవు. ఫ్లాటుకో కారు చోటు ఉండాల్సిందేనని అందరూ పట్టుబడితే బిల్డరు ఎనిమిది పెద్దవే కడతాడు. మిగతా నాలుగు కుటుంబాలూ కొమ్మాది అవతలికి పోవలసిందే. ఒక కారు చోట్లో ఐదారు మోటారు సైకిళ్లు పడతాయి. 2017లో వచ్చిన జాతీయ టీఓడీ (రవాణా సదుపాయం చుట్టూ ఊరు పెంచే) విధానం మెట్రో లాంటి స్టేషన్లకు 500 నుంచి 800 మీటర్ల లోపు ఇళ్లు చిక్కగా కట్టమన్నదీ, పార్కింగు తగ్గించమన్నదీ అందుకే. బస్సు రూటుకూ అదే న్యాయం వర్తిస్తుంది.

46.23 కిలోమీటర్ల మెట్రో ప్లాను చూపించి అడుగుకు ఇంత అని పెంచితే ఒప్పుకోకండి. ఇవాళ నడుస్తున్న బస్సుకే విలువ కట్టండి.

నీళ్లు: మనిషికి రోజుకు 135 లీటర్లు. పన్నెండు ఇళ్లు, ఇంటికి నలుగురు, అంటే 6,480 లీటర్లు. సంపు కనీసం రెండు రోజులకు సరిపడాలి. సముద్రానికి దగ్గరైతే బోరు నీళ్లు రుచి చూడండి, కార్పొరేషన్ కుళాయి ఏ గంటకు వస్తుందో కింది వాచ్‌మన్ని అడగండి. ఆరుగురు ఎక్కే 408 కిలోల లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి అంతస్తు తీసుకోండి.

ఒప్పందం రాసుకోకముందే పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టం. కారు లేనివాళ్లు స్లాటు లేని ఫ్లాటే అడిగి, ఆ మేరకు ధర తగ్గించమనండి. బండి పెట్టుకునే చోటు మాత్రం నోటిమాటగా వదిలేయకుండా సేల్ అగ్రిమెంటులో కొలతలతో సహా రాయించుకోండి.