పాత రైలు దారిలో సైకిల్ సవారీ

ఇటలీలోని ఇంపీరియా ప్రావిన్స్‌కి వెళ్తే ఈ సైకిల్ దారి అస్సలు వదలకండి. శాన్ లోరెంజో అల్ మారే నుంచి ఓస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్లు, పక్కనే సముద్రం. ఒకప్పుడు ఇది రైలు మార్గం. 2001లో పట్టాలను తీరానికి దూరంగా, లోపలికి మార్చేశారు. నాకు బాగా నచ్చింది కాపో నేరో సొరంగం. లోపల చల్లగా ఉంటుంది, మిలాన్-శాన్‌రెమో సైకిల్ రేసు విజేతల పేర్లు ఏడాదివారీగా రాసి ఉంటాయి. ఆగి ఆగి చదివాను.

ఇంపీరియా ఊరికీ టైమ్ పెట్టుకోండి. జెనోవా ఏలిన పోర్తో మౌరీజియో, సవోయ్ వంశం ఏలిన ఒనేలియా, ఈ రెండు ఊళ్లనూ 1923లో కలిపి మధ్యలో పారే ఇంపెరో నది పేరు పెట్టారు. రెండిటి తీరూ ఇప్పటికీ వేరే!

అద్దె షాపువాళ్లు బ్రేకులు సరిచూడకుండానే సైకిల్ ఇచ్చారు. తీసుకునే ముందే నొక్కి చూసుకోండి.