మీన్ వెల్ ఎల్‌ఆర్‌ఎస్-350-12: సరుకు మంచిదే, బాక్సూ ఫ్యూజులూ మాత్రం మనమే చూసుకోవాలి

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. ఇంటి చూరుకీ కిటికీల చుట్టూ లైట్లు కట్టి వాటిని కంప్యూటర్‌తో ఆడించే పిచ్చి పట్టినవాళ్లు అటు తిరిగీ ఇటు తిరిగీ చివరికి ఈ తైవాన్ కంపెనీ పవర్ సప్లై (గోడ ప్లగ్గు కరెంటుని లైట్లకి కావలసిన 12 వోల్టులుగా మార్చే డబ్బా) దగ్గరికే వస్తారు, నేనూ అలాగే వచ్చాను. కానీ దీనికి అయిదు నక్షత్రాలు ఇచ్చేవాళ్లు "సూపర్, బాగా పనిచేస్తోంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తుంటారు. ఇది వానలో పెట్టే వస్తువు కాదనీ, దీంట్లోంచి వచ్చే 12 వోల్టులకి షాక్ కొట్టే దమ్ము లేకపోయినా వైరు కాల్చే దమ్ము పుష్కలంగా ఉందనీ చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగు.

మేముండేది డాలస్ పక్కన. మా వీధిలో మనవాళ్లు దీపావళికి కట్టిన లైట్లు సంక్రాంతి దాకా దించరు, మధ్యలో క్రిస్మస్ కూడా వాటితోనే గడిచిపోతుంది. (పండగ లైట్లలాంటి తాత్కాలిక వైరింగ్‌కి ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్ 90 రోజుల గడువిస్తుంది. 2025 అక్టోబర్ 20 దీపావళి నుంచి జనవరి 14కి లెక్కేస్తే 86 రోజులు. ఆ కోడ్ రాసినాయన ఎవరో మన పంచాంగం చూసే రాసుంటాడు.)

నా దగ్గరున్నవి సుమారు 1,200 పిక్సెల్స్, అంటే ఒక్కోదాని రంగు విడిగా మార్చగలిగే చిన్న లైట్లు, డబ్ల్యూఎస్2811 చిప్పుతో వచ్చే 12 వోల్టులవి. ఏ లైటు ఎప్పుడు ఏ రంగులో వెలగాలో ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూర్చుకుంటాను, రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద నడిచే ఫాల్కన్ ప్లేయర్ దాన్ని వాయిస్తుంది, కంట్రోలర్ బోర్డు లైట్లకి అందిస్తుంది. ఈ డేటా వైపు ఏది చెడినా లైట్లు పిచ్చెక్కినట్టు మెరుస్తాయి, పిల్లలు నవ్వుకుంటారు, అంతే. పవర్ వైపు చెడితే నవ్వేవాళ్లుండరు.

సప్లై గురించి. లేబుల్ మీద 12 వోల్టులు, 29 ఆంపులు, 348 వాట్లు. మందం 3 సెంటీమీటర్లే, కాబట్టి బాక్సులో ఇరుకు అనిపించదు. చిన్న ఫ్యాను ఉంది, అవసరమైనప్పుడే తిరుగుతుంది, నా వాడకానికి తిరగడమే తక్కువ. మల్టీమీటర్ పెట్టి చూస్తే లోడు ఉన్నా లేకపోయినా 12 దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఇంతకుముందు వాడిన ఊరూ పేరూ లేని సప్లై మీద కూడా ఇవే అంకెలుండేవి, సగం లోడుకే వోల్టేజీ జారిపోయేది, దాని మీద యూఎల్ గుర్తు (భద్రతా పరీక్ష పాసైందని చెప్పే ముద్ర) కూడా లేదు. పదో పదిహేనో డాలర్లు మిగులుతాయని అలాంటివి కొనొద్దు, ఇది రాత్రంతా ఇంటి గోడకి ఆనుకుని ఉండే వస్తువు.

చేతికి రాగానే చూడాల్సింది పక్కనున్న 115/230 స్విచ్. అమెరికాలో 115 వైపు ఉండాలి. 230 మీద వదిలేస్తే సరిగ్గా పనిచేయదు, అంతే. అదే ఇండియాలో 115 మీద పెట్టి ప్లగ్గులో గుచ్చితే లోపల పేలిపోతుంది. హైదరాబాద్‌లో మా బావ వాళ్ల అపార్ట్‌మెంట్ వినాయక మండపానికి ఇదే తెప్పించుకుంటానంటే నేను మొదట చెప్పిందీ ఇదే, "బావా, స్విచ్ చూడకుండా కరెంటు ఇవ్వకు" అని. అక్కడైతే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోమని కూడా చెప్పాను.

ఇక అసలు విషయం. మనందరికీ 120 వోల్టులంటే భయం, 12 వోల్టులంటే బొమ్మ కారు బ్యాటరీతో సమానం. ఒక పిక్సెల్ తెల్లగా నిండుగా వెలిగితే 60 మిల్లీ ఆంపులు లాగుతుంది, అది ఏ మూలకీ కాదు, కానీ 400 పిక్సెల్స్ కలిస్తే 24 ఆంపులు. ఇప్పుడు చూరు మీద ఒక జాయింట్‌లోకి నీళ్లు దిగాయనుకోండి, పూర్తి షార్ట్ కాకుండా సగం సగం అంటుకుని అక్కడ ఓ 15 ఆంపులు పోతున్నాయనుకోండి. సప్లై దృష్టిలో అది మామూలు లోడే, ఎందుకంటే దాని ఓవర్‌లోడ్ రక్షణ రేటింగ్ దాటి 110 శాతం పైకి వెళితే గానీ లేవదు. ఇంట్లో బ్రేకర్‌కి అది 180 వాట్ల ముచ్చట, రెండు మూడు ఆంపులు, అది పట్టించుకోదు. బయట ప్లగ్గుకున్న జీఎఫ్‌సీఐ (ఆర్‌సీసీబీ లాంటిదే, ఇక్కడి పేరు) సంగతా, అది 120 వోల్టుల వైపు కరెంటు భూమిలోకి పోతుంటేనే చూస్తుంది, 12 వోల్టుల వైపు ఏం జరుగుతోందో దానికి తెలిసే దారే లేదు. అలా ముగ్గురు కాపలాదారులూ మేలుకునే ఉంటారు, సన్న వైరు మాత్రం ఎండుటాకుల పక్కన ఎర్రగా కాగుతూ ఉంటుంది. దాన్ని ఆపేది ఒక్కటే, సప్లై నుంచి బయల్దేరే ప్రతి వైరుకీ విడిగా ఒక ఫ్యూజ్.

కంట్రోలర్ బోర్డు మీద ఒక్కో పోర్టుకీ ఫ్యూజ్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ పవర్ ఇంజెక్షన్ వైర్ల సంగతేంటి? దండ చివర లైట్లు మసకబారకుండా మధ్యలో మళ్లీ పవర్ ఇవ్వడానికి సప్లై టెర్మినల్ నుంచి నేరుగా లాగుతాం చూడండి, అవి. వాటికి బోర్డు ఫ్యూజులతో సంబంధమే లేదు. కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజుల బ్లాకు ఒకటి కొని సప్లై పక్కనే బిగించండి. నేను 100 పిక్సెల్స్‌కి ఒక 18 గేజ్ వైరు, దానికి 5 ఆంపుల ఫ్యూజ్ చొప్పున పెట్టాను. బ్రైట్‌నెస్ 30 శాతం దగ్గర పెడితే ఆ వైరులో పోయేది 2 ఆంపుల లోపే, చీకట్లో ఆ వెలుగు చాలు, అంతకు మించితే ఎదురింటివాళ్లకి నిద్ర పట్టదు. అయితే సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఆ 30 శాతాన్ని నమ్ముకుని సప్లైలు తగ్గించుకోకండి. ఎప్పుడో ఒక అప్‌డేట్‌లో సెట్టింగులు పోయి మొత్తం తెల్లగా నూరు శాతం వెలిగినా సప్లై తట్టుకునేలా లెక్క వేసుకోవాలి. అందుకే నావి మూడు సప్లైలు, ఒక్కోదానికి 400 పిక్సెల్స్ మించకుండా. రెండు సప్లైల మైనస్‌లు కలపొచ్చు, డేటాకి అది కావాలి కూడా. ప్లస్‌లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు.

దీంట్లో నాకు నచ్చనిది గోడ ప్లగ్గు వైపు ఉంది. దీంట్లో పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (గోడ నుంచి అవసరానికి మించి ఆంపులు లాగకుండా చూసే ఏర్పాటు) లేదు. 348 వాట్లే కదా, 120 తో భాగిస్తే మూడు ఆంపులు అనుకుంటాం, లేబుల్ మీద చూస్తే 115 వోల్టుల దగ్గర 6.8 ఆంపులని ఉంటుంది. మూడూ ఒకే 15 ఆంపుల లైను మీద పెడితే నిండు లోడులో 20 దాటుతుంది. పైగా మూడు గంటలకు మించి నడిచే లోడుకి బ్రేకర్‌లో 80 శాతమే, అంటే 12 ఆంపులే వాడాలని కోడ్. అందుకని రెండిటిని వరండా లైను మీద (ఒక్కోటి 29 కాదు, 24 ఆంపులే ఇస్తుంది కాబట్టి రెండూ కలిపి 12 లోపే), ఒకదాన్ని గ్యారేజ్ లైను మీద పెట్టాను. దీనివల్ల ఇంకో లాభం, ప్రతి సప్లై ఎర్త్‌లోకి కాస్తంత కరెంటు వదులుతుంది, అది దీనికి తప్పదు, కానీ జీఎఫ్‌సీఐ 5 మిల్లీ ఆంపుల దగ్గరే పడిపోయే రకం, ఒకే ప్లగ్గు మీద ఎన్ని సప్లైలు చేరిస్తే అంత చీటికిమాటికి ట్రిప్ అయ్యే అవకాశం. విసుగొచ్చి జీఎఫ్‌సీఐ లేని ప్లగ్గులోకి మార్చేవాళ్లున్నారు, ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, సప్లై రేకు డబ్బాకి ఎర్త్ తగిలించి తీరాలి, అది పోతే ఆ డబ్బాని ముట్టుకున్నవాళ్లే ఎర్త్ అవుతారు.

టెర్మినల్స్ మీద ఉన్నది పైకి లేచే ప్లాస్టిక్ మూత మాత్రమే, చిల్లుల రేకు లోపలికి దుమ్మూ నీళ్లూ పురుగులూ ఏవైనా పోతాయి. కాబట్టి బాక్సు తప్పదు. ఇక్కడ చాలామంది కేబుల్‌గార్డ్ సీజీ-1500 అనే ప్లాస్టిక్ బాక్సు వాడతారు, నాదీ అదే. వైర్లన్నీ కింద నుంచే లోపలికి వెళ్లాలి, వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు వైరు పట్టుకుని జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. బాక్సుని నేల మీద పెట్టకుండా గోడకో గుంజకో ఎత్తులో బిగించండి. ఎక్స్‌టెన్షన్ కార్డు మీద ఎస్‌జేటీడబ్ల్యూ అని ఉండాలి, చివరనున్న డబ్ల్యూ అక్షరమే దాన్ని బయట వాడొచ్చని చెప్పేది. గోడ ప్లగ్గుకి కార్డు గుచ్చి ఉన్నా మూసుకునే బుడగ మూత పెట్టించుకోండి, హోమ్ డిపోలో దొరుకుతుంది.

వోల్టేజీ పెంచే చిన్న స్క్రూ ఒకటుంది, 13.8 దాకా పోతుంది. చివరి లైట్లు మసకగా ఉన్నాయని దాన్ని తిప్పేయడం తప్పుడు వైద్యం, మొదటి లైట్లు అనవసరంగా వేడెక్కుతాయి. చివర్లో ఇంజెక్షన్ ఇవ్వండి.

ఇంత పనిచేసే ఓపిక లేనివాళ్లకి, లేదా బాక్సు పెట్టే చోటే లేని చెట్టు మొదల్లాంటి చోట్లకి, ఇదే కంపెనీ హెచ్‌ఎల్‌జీ-320హెచ్-12 చూడండి. ఫ్యాను లేదు, లోపలంతా జిగురుతో నింపేసి ఉంటుంది, వానకి తట్టుకుంటుంది, పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉంది, స్విచ్ గొడవ కూడా లేదు. 22 ఆంపులే ఇస్తుంది, రేటు దీనికి రెట్టింపు పైనే. ఫ్యూజులు దానికీ పెట్టాల్సిందే. చూరుకి మూడు ఎల్‌ఆర్‌ఎస్‌లూ అలాగే ఉంచి, ఈసారి ముందున్న ఓక్ చెట్టుకి కొత్తగా కట్టబోయే లైట్లకి అదే ఆర్డర్ పెట్టాను.